మాజీ సైనికులు ఉండే వృద్ధాశ్రమాలను తనిఖీ చేసేదెవరు? ఉమ్మడి నల్గొండ, పాలమూరులో అసలు లోటు ఇదే..

దేశం కోసం ప్రాణమిస్తే ఊరంతా కదిలొస్తుంది. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్‌బాబు కోసం సూర్యాపేట అలాగే కదిలింది. మరి సర్వీసు పూర్తిచేసి ఇంటికొచ్చి, 75 ఏళ్లు దాటిన జవాను సంగతేంటి? పిల్లలు బతుకుదెరువుకు హైదరాబాద్‌కో, ముంబైకో, పుణెకో పోయారు. ఇంట్లో చూసుకునేవాళ్లు లేరు. చివరికి వృద్ధాశ్రమమే దిక్కయింది. అక్కడ అన్నం సరిగ్గా పెడుతున్నారా? మందులు ఇస్తున్నారా? పింఛన్ డబ్బు ఆయన చేతికే వస్తోందా? తలుపు తట్టి అడిగే అధికారి ఎవరు?

రెండు ఫైళ్లు.. ఒకే కలెక్టర్

మాజీ సైనికుల బాగోగులు చూడాల్సింది జిల్లా సైనిక్ బోర్డు. దీనికి అధ్యక్షుడు కలెక్టర్. సైనిక సంక్షేమ అధికారి కార్యదర్శిగా ఉంటారు. పింఛన్ చిక్కులు, గ్రాంట్లు, పిల్లల చదువు సాయం.. అన్నీ ఇక్కడి నుంచే నడుస్తాయి. కానీ ఆశ్రమాల్లో తనిఖీలు చేయడం ఈ ఆఫీసు ప్రధాన పని కాదు.

ఇక వృద్ధుల రక్షణ 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కిందికి వస్తుంది. జిల్లాలో ఈ చట్టం అమలు బాధ్యతను కూడా ప్రభుత్వం కలెక్టర్‌కే అప్పగించవచ్చు. అంటే రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీదకు వస్తాయి. ఒక ఫైలులో ఆయన మాజీ సైనికుడు, ఇంకో ఫైలులో వృద్ధుడు. రెండింటిలో ఉన్నది ఒకే మనిషి అని గుర్తించే ఏర్పాటు మాత్రం చట్టంలో లేదు.

చట్టం ఏం చెబుతోంది?

పేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మందికి చోటు ఉండాలని సెక్షన్ 19 చెబుతోంది. ఉమ్మడి నల్గొండ ఇప్పుడు ప్రధానంగా 3 జిల్లాలు, ఉమ్మడి మహబూబ్‌నగర్ 5 జిల్లాలు. ఆ లెక్కన 8 జిల్లాల్లో కనీసం 1,200 మందికి చోటు ఉండాలి. అయితే చట్టంలో ఉన్న మాట 'ఏర్పాటు చేయవచ్చు' అని. తప్పనిసరి అని కాదు.

ప్రైవేటు ఆశ్రమాల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాల కోసం కేంద్రం 2019 డిసెంబర్‌లో సవరణ బిల్లు తెచ్చింది. అది పాస్ కాలేదు. 2024లో 17వ లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది.

నిఘా లేకపోతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. 2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలోని ఓ ప్రైవేటు ఆశ్రమం నుంచి 70 మందికి పైగా బాధితులను పోలీసులు బయటకు తెచ్చారు. ఇరుకు గదుల్లో పెట్టి హింసించారన్నది ఆరోపణ.

జవానుకు రిస్క్ ఎందుకు ఎక్కువ?

మాజీ సైనికుడికి నెలనెలా పింఛన్ వస్తుంది. ఈసీహెచ్‌ఎస్ వైద్యం ఉంటుంది. అలాంటి పెద్దాయన ఆశ్రమ నిర్వాహకుడికి గ్యారంటీ ఆదాయం. ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉందన్నదే అసలు ప్రశ్న.

పింఛన్ లేనివాళ్లది ఇంకో కష్టం. జవాన్లకు సర్వీస్ పింఛన్ రావాలంటే మామూలుగా 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. అంతకుముందే బయటికొచ్చి, ఆదాయం లేని 65 ఏళ్లు దాటినవాళ్లకు కేంద్రీయ సైనిక్ బోర్డు పెన్యురీ గ్రాంట్ ఇస్తుంది. 2025 నవంబర్ నుంచి వచ్చే దరఖాస్తులకు దీన్ని నెలకు రూ.4 వేల నుంచి రూ.8 వేలకు పెంచారు. మంచిదే. కానీ డబ్బు పంపడం వేరు, మనిషి ఎలా ఉన్నాడో చూడటం వేరు.

అమెరికా నేర్చుకున్న పాఠం

ప్రభుత్వమే నడిపితే చాలా? చాలదని మసాచుసెట్స్ రాష్ట్రంలోని హోలియోక్ సోల్జర్స్ హోమ్ చూపించింది. 2020 కరోనాలో అక్కడ కనీసం 76 మంది మాజీ సైనికులు చనిపోయారు. గవర్నర్ ఒక మాజీ ప్రాసిక్యూటర్‌తో స్వతంత్ర విచారణ చేయించారు. డిమెన్షియా రోగుల రెండు వార్డులను కలిపేయడం ఘోర తప్పిదమని అందులో తేలింది. మృతుల కుటుంబాలు, బాధితులతో 5.6 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ కుదిరింది. తర్వాత రాష్ట్రం చట్టాన్నే మార్చింది. అక్కడ బయటివాళ్లు అడిగాకే నిజం బయటపడింది. నడిపేవాళ్లే తనిఖీ చేసుకుంటే అది తనిఖీ కాదు.

ఇక్కడ ఏం చేయొచ్చు?

కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఆశ్రమాల్లో ఉన్న మాజీ సైనికులు, వాళ్ల భార్యల జాబితాను సైనిక సంక్షేమ కార్యాలయం సిద్ధం చేయాలి. తనిఖీ బృందంలో డాక్టర్, న్యాయ సేవాధికార సంస్థ ప్రతినిధి, ఆ ఆశ్రమంతో సంబంధం లేని ఓ మాజీ సైనికుడు ఉండాలి. చెప్పకుండా వెళ్లాలి. రిపోర్టును కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఏటా డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి విరాళాలు ఇచ్చే జనానికి ఆ మాత్రం తెలుసుకునే హక్కుంది.

మీకు తెలిసిన పెద్దాయన ఎవరైనా ఆశ్రమంలో ఇబ్బంది పడుతుంటే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు. ఇది టోల్‌ఫ్రీ. పోషణ కోసం ఆర్డీవో స్థాయి ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఆయన స్వయంగా రాలేకపోతే, ఆయన అధికారమిచ్చిన మనిషి లేదా సంస్థ దరఖాస్తు పెట్టినా చెల్లుతుంది.