మా మీద సర్వేకు ప్రశ్నలు మమ్మల్నీ రాయనివ్వండి

బెంగళూరు నిమ్హాన్స్ డైరెక్టర్ గారికి,

బేతంచెర్ల పేరు మీరు వినకపోయినా, మా నాపరాయి పరిచిన ఏదో ఒక వరండాలో నడిచే ఉంటారు. మాకు మనసు జబ్బు చేస్తే ముందు తాయెత్తు, తర్వాత దర్గా, ఆ తర్వాత కర్నూలు పెద్దాసుపత్రి. అక్కడా కుదరకపోతే మీ దగ్గరికే బస్సెక్కుతాం.

2015–16లో మీ సంస్థ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 12 రాష్ట్రాల్లో 39 వేల మందికి పైగా కలిసి మాట్లాడారు. ఆ పన్నెండింటిలో ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు. దాని మీద నాకు పేచీ లేదు, అన్ని రాష్ట్రాలూ ఒకేసారి తిరగడం ఎవరి వల్లా కాదు. ఈసారి మా దగ్గరికి వచ్చినప్పుడు ఏం అడుగుతారన్నదే నా బెంగ.

'మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?' అని అడుగుతారు. రాత్రి మాత్ర వేసుకుంటే పొద్దున రాయి కోసే మిషన్ దగ్గర మత్తు వదలదు. నీళ్లు చిమ్ముతూ తిరిగే బ్లేడు ముందు చెయ్యి వణికిందా, రేపట్నుంచి రావద్దంటారు. అందుకే పనున్న రోజుల్లో మాత్ర మానేసి, సెలవు ముందు రాత్రి వేసుకునేవాళ్లున్నారు. ఫారంలో వాళ్లకు పడేది 'సక్రమంగా వాడటం లేదు' అనే టిక్కే. అదే మాలో ఒకరు అడిగితే, 'మాత్ర వేసుకున్న మర్నాడు కూలి దొరికిందా?' అని మొదలుపెడతారు. తిక్కోడని ఊరు పేరు పెట్టిన మనిషి ఆ ప్రశ్నకైతే నోరు విప్పుతాడు.

అడిగే మనిషి మారితే జవాబు మారుతుందన్నది నా ఊహ కాదు. లండన్ కింగ్స్ కాలేజీలో డయానా రోజ్ అనే పరిశోధకురాలు ఉండేవారు. మానసిక వైద్యం తానూ అనుభవించిన మనిషి. కరెంటు షాకు చికిత్స మీద రోగుల అభిప్రాయాలు అడిగిన అధ్యయనాల్ని ఆమె బృందం వడగట్టి, 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. డాక్టర్లు అడిగిన చోట మేలు జరిగిందన్నవాళ్లు ఎక్కువ, రోగులు అడిగిన చోట తక్కువ. జ్ఞాపకశక్తి పోయి మళ్లీ రాలేదన్నవాళ్లు కనీసం మూడో వంతు. అంత దూరం ఎందుకు, పుణేలో మానసిక ఆరోగ్యం కోసం బాపు ట్రస్టు స్థాపించిన భార్గవి దవర్, తన తల్లిని ఉంచిన పిచ్చాసుపత్రుల్ని చిన్నప్పుడే చూశారు. ఆ అనుభవం మీద నిలబడే జీవితాంతం పరిశోధన చేశారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో జబ్బు అనుభవించినవాళ్ల తరఫున ఇద్దరికి చోటివ్వాలంది. కుర్చీ ఇవ్వగా లేనిది, ప్రశ్నపత్రం రాసే చోట ఎందుకివ్వకూడదు?

రాయలసీమలో మీరు చేసే తర్వాతి పరిశోధనకు మాలో కొందరికి శిక్షణ ఇప్పించండి. ప్రశ్నలు మీతో కలిసి రాస్తాం, ఇంటింటికీ మేమే తిరుగుతాం. పోగొట్టుకునే రోజుకూలి కట్టివ్వండి, వ్యాసం అచ్చయినప్పుడు రచయితల వరుసలో మా పేర్లూ వేయండి. కర్నూలులో సమావేశం పెడతామని ఒక్క ఉత్తరం రాస్తే చాలు, మా చార్జీలతో మేమే వస్తాం.

ఇట్లు,
మాత్రలు వేసుకుంటూ పని చేసుకుంటున్న బేతంచెర్ల వాసి