అధ్యయన కేంద్రములు – ఆన్‌లైన్ పరిశీలన

1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. దేశమున అట్టి సంస్థలలో అదియే మొదటిది. 1991లో దానికి డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టిరి. అయినను విద్యార్థి కంటికి కనిపించు విశ్వవిద్యాలయము ఊరి కళాశాలలోని అధ్యయన కేంద్రమే. సాధారణముగా ఆ కళాశాల అధ్యాపకుడే దానికి సమన్వయకర్త.

ఇట్టివారి పనిపాటులను ఎథ్నోగ్రఫీ పద్ధతిని పరిశీలించుట మంచిదే. మొదటి ప్రపంచయుద్ధ కాలమున మాలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ దీవులలో గుడారము వేసికొని, జనుల నడుమ బ్రతికి వారిని తెలిసికొనెను. 2020లో కరోనా ప్రయాణములను ఆపగా, అనేక పరిశోధకులకు తెరయే గుడారమైనది. ఇందు సౌకర్యము లేకపోలేదు. ఆదిలాబాదును, మహబూబ్‌నగరును ఒక్క పూటలో పలుకరింపవచ్చును.

కాని తెరపై దొరకునది వ్రాసిన మాటయే. పై అధికారులును చదువు వాట్సాప్ గుంపులో తన ఇక్కట్లను విప్పి చెప్పుకొను ఉద్యోగి ఎవడు? "అంతయు సజావుగా నున్నది" అని వ్రాసి ఊరకుండును. ఫీజు గడువు దాటినదని ఆదివారమునాడు బల్లముందు తలవంచుకొని నిలిచిన కూలివానికి ఆయన చెప్పిన ధైర్యవచనము ఏ గుంపునను కనబడదు. దూరవిద్య నిలుచుటయో కూలుటయో ఆ బల్లవద్దనే కదా!

మరియొక చిక్కు కలదు. తోటివారికై వ్రాసినది పరిశోధకునికై వ్రాసినది కాదు, అనుమతి కోరవలెను. పేరు మార్చినంతమాత్రమున మరుగు కలుగదు. చిన్న పట్టణమునకు కేంద్రము ఒక్కటే. ఊరిపేరు చెప్పిన చాలును, మనిషి తెలిసిపోవును.