కోళ్ళ పరిశ్రమ పనివారు - బర్డ్ ఫ్లూ

బర్డ్ ఫ్లూ అనునది ఇన్‌ఫ్లుయెంజా 'ఎ' వైరస్ వలన పక్షులకు సోకే అంటువ్యాధి. ఇందులో హెచ్5ఎన్1 రకము కోళ్ళకు ప్రాణాంతకము. మనుషులకు ఇది అరుదుగా సోకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2003 నుండి 2025 వరకు సుమారు 990 మందికి సోకగా, వారిలో 470 మందికి పైగా మరణించారు. స్వల్ప లక్షణాలున్నవారు చాలావరకు ఈ లెక్కలోకి రారు. వ్యాధి సోకినవారిలో అధికులు జబ్బుపడిన లేదా చనిపోయిన పక్షులను తాకినవారే. కనుక కోళ్ళఫారాలు, రవాణా, మాంసం దుకాణాలలో పనిచేసేవారికి ముప్పు ఎక్కువ.

తెలుగు రాష్ట్రాలలో వ్యాధి

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ప్రథమ స్థానంలో ఉన్నది. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారం ఫారాల కోళ్ళలో హెచ్5ఎన్1 ఉన్నట్లు భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ప్రయోగశాల నిర్ధారించినది. ఫారం చుట్టూ ఒక కిలోమీటరు పరిధిలోని కోళ్ళను చంపి పూడ్చివేయుట, 10 కిలోమీటర్ల వరకు నిఘా ఉంచుట ఇటువంటి సందర్భాలలో పాటించే పద్ధతి. తెలంగాణ ప్రభుత్వం సరిహద్దులలో తనిఖీలు పెట్టినది. అయినను తరువాత యాదాద్రి భువనగిరి, రంగారెడ్డి జిల్లాలలోనూ వ్యాధి బయటపడినది.

అదే సంవత్సరం మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ళ పాప ఈ వైరస్ వలన మంగళగిరి ఎయిమ్స్‌లో మరణించినది. పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నట్లు వార్తలు వచ్చినవి.

పనివారికి సోకే మార్గములు

వైరస్ పక్షి లాలాజలము, ముక్కు స్రావములు, రెట్టలలో ఉంటుంది. షెడ్డు ఊడ్చునపుడు, ఎరువు ఎత్తునపుడు లేచే దుమ్ము కంటిలోకి, ముక్కులోకి చేరుతుంది. కోడిని కోసి ఈకలు పీకునపుడు తుంపరలు లేస్తాయి. 1997లో హాంగ్‌కాంగ్‌లో 18 మందికి సోకి, ఆరుగురు మరణించినపుడు బ్రతికున్న కోళ్ళను అమ్మే బజారులే ప్రధాన మూలమని తేలినది. హైదరాబాదులో సోమాజిగూడ మొదలు శివార్ల వరకు కళ్ళెదుట కోడిని కోయించుకొనే అలవాటు ఉన్నది. కనుక ఫారంలో వచ్చిన వ్యాధి నగరపు దుకాణంలో ఒట్టి చేతులతో పనిచేసే కుర్రవానికీ సంబంధించినదే.

రక్షణలో లోపములు

మాస్కు, చేతితొడుగులు, కళ్ళజోడు ధరించుట ప్రధాన రక్షణ. కాని 2024 జూలైలో అమెరికాలోని కొలరాడోలో కోళ్ళను చంపు పనిలో ఉన్నవారికి వ్యాధి సోకినది. షెడ్లలో వేడి 40 డిగ్రీలకు చేరగా వారు రక్షణ దుస్తులు సరిగా ధరించలేకపోయారు. మన వేసవిలో ఈ కష్టం ఇంకా ఎక్కువ. ఫిన్లాండ్ 2024లో ఇటువంటి పనివారికి టీకా వేయుట ప్రారంభించినది.

చంపిన కోళ్ళకు, నాశనం చేసిన గుడ్లకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చెరిసగం పరిహారం ఇస్తాయి. అది పక్షుల లెక్కన యజమానికి అందుతుంది. ఫారం మూతపడి పని పోగొట్టుకున్న కూలీకి ఆ లెక్కలో చోటు లేదు. ఒసెల్టామివిర్ మందు లక్షణాలు కనబడిన 48 గంటలలోపు వాడితే బాగా పనిచేస్తుంది. జ్వరం సంగతి చెబితే కూలి పోవునని భయపడేవాడు ఆ రెండు రోజులూ మౌనంగా పనికి వస్తాడు. అందుచేత కూలికి హామీ ఇచ్చుట కూడా వ్యాధి నివారణలో భాగమే.