రాజు మాటకు వారసులెవరు?

కెనడాకు స్వాతంత్ర్యం ఎప్పుడు వచ్చింది? ఈ ప్రశ్నకు మూడు జవాబులున్నాయి. 1867లో బ్రిటన్ పార్లమెంటు చేసిన చట్టంతో ఆ దేశం ఏర్పడింది. 1931 వెస్ట్‌మినిస్టర్ చట్టంతో సొంతంగా చట్టాలు చేసుకునే అధికారం వచ్చింది. అయినా రాజ్యాంగం మార్చాలంటే 1982 దాకా లండన్ గడప తొక్కాల్సిందే. ఆ ఏడాది ఏప్రిల్ 17న ఎలిజబెత్ రాణి ఒట్టావా వచ్చి సంతకం పెట్టాక ఆ అవసరం తీరింది. రాచరికం మాత్రం పోలేదు. ఇవాళ్టికీ కెనడా దేశాధినేత చార్లెస్ రాజే.

ఏ తేదీ రాసినా ఏదో ఒక మాస్టారు మార్కు వేస్తాడు. నా ప్రశ్న వేరు. ఈ మూడింటిలో ఆ నేల ఆదివాసులకు స్వాతంత్ర్యం తెచ్చిన తేదీ ఏది?

1763లో మూడో జార్జి రాజు ఒక ప్రకటన చేశాడు. ఆదివాసుల భూమిని వలస వచ్చినవాళ్లు నేరుగా కొనకూడదు, ఆదివాసులు అమ్మదలిస్తే వాళ్ల సభలోనే, రాజు పేరునే కొనాలి అన్నాడు. ఇది ప్రేమతో చేసిన పని కాదు. యుద్ధాలు తప్పాలి, పెత్తనం తన చేతిలో ఉండాలి, అంతే. అయినా ఆ మాటలో ఒక ఒప్పుకోలు ఉంది: భూమి వాళ్లది.

1871 నుంచి 1921 వరకు రాజు పేరున, రాణి పేరున పదకొండు ఒప్పందాలు రాశారు. ఆదివాసీ పెద్దలు వాటిని నేలను కలిసి పంచుకునే మాటగా చూశారు. ప్రభుత్వం వాటిని భూమి రాసిచ్చిన దస్తావేజులుగా చూసింది. వాటిలో చాలావాటి కింద ఏటా తలకు ఇచ్చేది నేటికీ ఐదు డాలర్లే! మరోవైపు పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కెళ్లి హాస్టల్ బడుల్లో పెట్టి, అమ్మ భాష మాట్లాడితే కొట్టారు. టీచరుగా ఆ చరిత్ర చదివినప్పుడు సిగ్గుతో తలదించుకున్నాను.

1980లో రాజ్యాంగాన్ని లండన్ నుంచి తెచ్చుకోవాలని పాలకులు బయల్దేరినప్పుడు ఆదివాసుల హక్కులకు గట్టి హామీ లేదు. జార్జ్ మాన్యుయల్ నాయకత్వంలో దాదాపు వెయ్యి మంది వాంకూవర్ నుంచి ఒట్టావాకు రైళ్లెక్కారు. మరుసటి ఏడు లండన్ దాకా వెళ్లారు. 1981 నవంబరులో ప్రధాని, ముఖ్యమంత్రులు కుదుర్చుకున్న ఒడంబడికలో ఆదివాసీ హక్కుల సెక్షన్‌నే ఎత్తేశారు. జనం తిరగబడితే మళ్లీ పెట్టారు, అదీ ‘ఇప్పటికే ఉన్న’ హక్కులు అని మెలిక పెట్టి. అదే సెక్షన్ 35. రాజు ఇచ్చిన మాటల బాధ్యత ఇక బ్రిటన్‌ది కాదని, కెనడాదేనని 1982లో లండన్ అప్పీలు కోర్టు తేల్చింది.

రాజును తీసేస్తే అన్యాయం పోతుందని కొందరంటారు. రాజే మా రక్షకుడని ఇంకొందరంటారు. రెండూ తప్పే. భూమి లాక్కున్నది కిరీటం పేరునే. కిరీటం పోయినంత మాత్రాన భూమి తిరిగిరాదు. తండ్రి ఆస్తి తీసుకున్న కొడుకు తండ్రి అప్పూ తీర్చాలి. ‘ఆస్తి నాది, అప్పు నాన్నది’ అంటే ఏ ఊరి పంచాయితీ ఒప్పుకుంటుంది? కెనడా పాలకులు అడిగింది అదే. అక్కడ ప్రభుత్వ భూమిని నేటికీ రాజు భూమి అనే పిలుస్తారు. ఆ పేరు మీద వచ్చిన నేల కావాలి, ఆ పేరు మీద ఇచ్చిన మాట వద్దు!

పోరాడితే కొంత దక్కింది. 2014లో బ్రిటిష్ కొలంబియాలో దాదాపు 1,750 చదరపు కిలోమీటర్ల నేలపై హక్కు సిల్కోటిన్ ఆదివాసులదేనని సుప్రీంకోర్టు ప్రకటించింది. సెక్షన్ 35 లేకపోతే ఆ తీర్పుకు అంత బలం ఉండేది కాదు. రైలెక్కినవాళ్లు లేకపోతే ఆ సెక్షనే లేదు.

మనకు 1950 నుంచి రాజు లేడు. కానీ తెల్లవాళ్లు గీసిన రిజర్వు ఫారెస్టు గీతలు మిగిలాయి. రాజ్యాంగం మనకిచ్చిన మాట ఐదో షెడ్యూలు. దాని బలంతోనే 1997లో సమత తీర్పు వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అడిగేవాళ్లు లేకపోతే కాగితం మీది మాటకు కాళ్లు రావు.

తోటి టీచర్లకు ఒక్క మాట. వచ్చే జనవరి 26న మిఠాయి పంచే ముందు ఐదో షెడ్యూలు పిల్లలకు చదివి వినిపించండి. ఇందులో ఏది అమలైంది, ఏది కాలేదని వాళ్లతోనే లెక్క కట్టించండి. తమకు ఎంత బాకీ ఉందో తెలియని పిల్ల రేపు ఎవరిని అడుగుతుంది?