టెండరు కంటే ముందు యూజ్ కేసు!



రేషన్ షాపులో ముసలమ్మ ఈ-పోస్ మిషన్ మీద వేలు పెడుతుంది. కలుపు తీసీ తీసీ గీతలు అరిగిన వేలు. మిషన్ తీసుకోదు. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. తీసుకోదు. "రేపు రా అమ్మా" అంటాడు డీలరు. ముద్ర పడకపోతే ఏం చేయాలన్న ప్రశ్న కోడ్ రాయకముందే అడగాల్సింది.

అలా అడిగించే పద్ధతి ఎప్పుడో వచ్చింది. స్వీడన్‌లో ఎరిక్సన్ టెలిఫోన్ వ్యవస్థల మీద పనిచేసిన ఇవార్ జాకబ్‌సన్ 1987లో యూజ్ కేసు గురించి చెప్పాడు: వాడే మనిషి వైపు నుంచి ఒక పని ఎలా సాగుతుందో, ఎక్కడ ఆగిపోవచ్చో మెట్టుమెట్టుగా రాసుకోవడం. 1997లో ప్రమాణంగా ఆమోదం పొందిన, సాఫ్ట్‌వేర్‌ను బొమ్మల్లో చూపే భాష అయిన యూఎంఎల్‌లో దాని బొమ్మకూ చోటు దక్కింది. ఆ బొమ్మలో గీతల మనిషి యాక్టర్: కార్డుదారు, డీలరు, చివరికి ఆధార్ సర్వర్ కూడా. కోలగా గీసిన గుండ్రం 'సరుకులు తీసుకోవడం' అనే పని. చుట్టూ ఉన్న పెట్టె వ్యవస్థకు హద్దు. వేలిముద్ర సరిచూడటం ప్రతిసారీ జరిగేది కాబట్టి ఇన్‌క్లూడ్. కంటిపాప చూడటం అవసరమైతేనే కాబట్టి ఎక్స్‌టెండ్.

కాలేజీల్లో ఈ బొమ్మ గీసి, రికార్డులో అంటించి, మార్కులు వేయించుకుని వదిలేస్తున్నాం. బొమ్మ విషయసూచిక మాత్రమే. అసలు సంగతి వెనకున్న రాతలో ఉంటుంది. కార్డు నంబరు, ముద్ర, తూకం, రసీదు: అంతా సవ్యంగా సాగితే ఈ నాలుగు మెట్లే. నెట్‌వర్క్ లేకపోతే? ముద్ర పడ్డాక కరెంటు పోతే సరుకు ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? మంచాన పడ్డవాళ్ల తరఫున ఎవరు రావచ్చు? ఇవి రాయని యూజ్ కేసు సగం యూజ్ కేసే.

మా డిమాండ్లు:

1. ప్రభుత్వ సేవల సాఫ్ట్‌వేర్‌కు టెండరు పిలిచే ముందే యూజ్ కేసులను తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసుల్లో అంటించాలి. గ్రామసభలో చదివి వినిపించాలి.
2. పని ఎక్కడెక్కడ ఆగిపోవచ్చో, ఆగితే మనిషికి వేరే దారేమిటో ప్రతి యూజ్ కేసులో ఉండాలి.
3. ఆ సందర్భాలన్నీ షాపులోనే పరీక్షించి చూపాకే కంపెనీకి బిల్లు చెల్లించాలి.
4. ఇంజినీరింగ్ విద్యార్థులు వాడేవాళ్లతో మాట్లాడి రాసిన యూజ్ కేసులకే ప్రాజెక్టు మార్కులు వేయాలి.

ఆలస్యమవుతుందంటారు. కాగితం మీది వాక్యాన్ని కొట్టేసి తిరగరాయడానికి ఒక పూట చాలు. ఊరూరా నడుస్తున్న మిషన్లను మార్చడం అంత తేలిక కాదు. అవి మారేదాకా పనులు మానుకుని తిరిగేది కార్డుదారే.

వచ్చే గ్రామసభలో ఈ నాలుగు డిమాండ్లతో అర్జీ పెట్టండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఊరి పిల్లలను పిలిచి, యూజ్ కేసులు చదివి చెప్పమనండి!