మేటు దొరుకుతాడు, మంత్రి దొరకడేం?

అవినీతిని సహించబోమని చెప్పని ప్రభుత్వం మన ఇరుగుపొరుగున ఒక్కటీ లేదు. దొంగ పైమెట్టు మీద కూర్చున్నప్పుడు ఏం చేశాయన్నదే చూడాలి.

పాకిస్తాన్‌లో పనామా పత్రాలు బయటపడ్డాక, 2017 జులై 28న సుప్రీంకోర్టు ప్రధాని నవాజ్ షరీఫ్‌ను అనర్హుణ్ణి చేసింది. మరుసటేడు జైలుకూ పంపారు. తర్వాత? 2022లో తమ్ముడు ప్రధాని అయ్యాడు, 2023 చివర్లో అన్నగారి శిక్షలు కొట్టేశారు. ఆ ఏడే ఇమ్రాన్ ఖాన్ జైలుకు పోయాడు. అక్కడ అవినీతి కేసంటే గద్దె దిగినవాడి మెడకు వేసే ఉచ్చు.

శ్రీలంకలో ఎరువుల్లేక రైతు, బియ్యం కొనలేక కూలి అల్లాడాక, 2022లో జనమే అధ్యక్షుడు గొటబాయను దేశం దాటించారు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు రాజపక్స సోదరులను సంక్షోభానికి బాధ్యులని తేల్చింది. జైలు లేదు, పరిహారం లేదు. పిటిషనర్లకు కోర్టు ఖర్చులివ్వమంది, అంతే!

నేపాల్‌లో 2025 సెప్టెంబరు 8న యువకులు అవినీతి మీద వీధికెక్కితే మొదటిరోజే 19 మంది ప్రాణాలు తీశారు. మర్నాడు ప్రధాని ఓలి రాజీనామా చేశాడు. కమ్యూనిస్టు పేరు పెట్టుకున్న నాయకుడే ఆయన, ఈ మాట మనమే చెప్పాలి.

మరి మన పాలకులో? దొంగను పట్టటం కాదు, ముందే తలుపు మూశారు. 2018లో ఎన్నికల బాండ్లు తెచ్చి ఇచ్చినవాడి పేరు దాచారు. ఆ ఏడే అవినీతి నిరోధక చట్టంలో 17ఎ సెక్షను పెట్టి, అధికారుల నిర్ణయాల మీద విచారణకు ముందస్తు అనుమతి కావాలన్నారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లను కొట్టేసింది. పేర్లు బయటికొచ్చాయి. దాతల్లో రెండో పెద్దది మన హైదరాబాదు కాంట్రాక్టు కంపెనీయే. ప్రత్యేక దర్యాప్తు వేయమంటే ఆగస్టులో అదే కోర్టు కాదన్నది.

కూలోడి డబ్బుల దగ్గర మాత్రం పద్ధతి వేరు. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలెట్టారు, ఆ ఏడే ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీలూ మొదలయ్యాయి. కూలీల బిడ్డలే ఇల్లిల్లూ తిరిగి మస్టర్లు సరిచూశారు. చచ్చినోళ్ల పేరున పడ్డ హాజరు, రాని కూలి లెక్క, అన్నీ ఊరి నడుమ చదివారు. తిన్న సొమ్ములో చాలావరకు వసూలు కాలేదు, అది వేరే రామాయణం. కానీ మేటు పేరు అందరిముందూ చదివారు కదా!

బాండ్లు కొన్న కంపెనీల జాబితా, వాటికి దక్కిన కాంట్రాక్టుల జాబితా కూడా పక్కపక్కన పెట్టి అట్లాగే చదవాలి. వ్యవసాయ కార్మిక సంఘాలు వచ్చే గ్రామసభల్లోనే ఈ తీర్మానం పెట్టించాలి.