ఉప్పు నీళ్లలో వేస్తే ఎందుకు మండదు?



పదో తరగతిలో ‘లోహాలు, అలోహాలు’ పాఠం చెబుతున్నాను. "సోడియంను కిరోసిన్‌లో ఎందుకు ఉంచుతారు?" అని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో ఇంగ్లీషులో జవాబు చెప్పింది. "మరి ఉప్పులోనూ సోడియమే ఉంది కదా, నీళ్లలో వేస్తే మండదేం?" అన్నాను. ఒక్కరూ నోరెత్తలేదు. పిల్లలకు జవాబు వచ్చింది, పాఠం రాలేదు. ఇందులో మా టీచర్ల తప్పు కూడా ఉంది.

సోడియం చాకుతో కోయగలిగేంత మెత్తని లోహం. నీటికన్నా తేలిక. 98 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. దాని పరమాణువు చివరి కక్ష్యలో ఉండేది ఒక్కటే ఎలక్ట్రాన్. దాన్ని వదిలించుకోవాలనే తొందరలో నీటితో కలబడుతుంది. అప్పుడు హైడ్రోజన్, వేడి పుట్టి మంట అంటుకోవచ్చు. అందుకే అది ప్రకృతిలో విడిగా దొరకదు. 1807లో హంఫ్రీ డేవీ కాస్టిక్ సోడాను కరిగించి, కరెంటు పంపి దాన్ని విడదీశాడు. వీధుల్లో పసుపు వెలుగునిచ్చే పాత దీపాల్లో ఉండేది సోడియం ఆవిరే. కల్పాక్కం ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌లో వేడిని మోసుకెళ్లేది కరిగిన సోడియమే.

ఉప్పులో మాత్రం సోడియం ఆ ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ముందే ఇచ్చేసింది. ఇక తొందర లేదు, నీటిలో ఊరికే కరిగిపోతుంది. ఉప్పునీళ్లు ఎంత కాచినా ఆవిరయ్యేది నీరే, ఉప్పు గిన్నెలోనే మిగులుతుంది.

ఇది మన కొనకనమిట్ల వాళ్లకు మార్కుల సంగతి మాత్రమే కాదు. మన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ కూడా ఉప్పులాగే కరిగి ఉంటుంది. కాస్తే పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగేనీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉప్పు సంగతి అర్థమైన బిడ్డ "నీళ్లు కాచాం, ఇక భయం లేదు" అనే మాట ఇంట్లో వింటే ఊరుకోదు.

"తెలుగులో చెప్పిస్తే ఇంగ్లీషు దెబ్బతింటుంది" అని కొందరు తల్లిదండ్రులు నాతో అన్నారు. నేను చెప్పేది ఇంగ్లీషులోనే, పిల్లలు పరీక్ష రాసేదీ ఇంగ్లీషులోనే. కానీ నాయనమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగిన బిడ్డకే ఆ ఇంగ్లీషు వాక్యం కూడా నిలుస్తుంది. బట్టీ పట్టినది పరీక్ష హాలు దాటదు.

ఒక్క మనవి. సోడియం ప్రయోగాల వీడియోలు చూసి ఇంట్లో చేస్తామంటే ఒప్పుకోకండి, అది ల్యాబ్‌లో టీచర్ ముందే జరగాలి. ఈ రాత్రి అన్నం దగ్గర మాత్రం ఉప్పు డబ్బా చూపించి పైనున్న ప్రశ్న అడగండి. జవాబు తెలుగులో వినండి. రాకపోతే మర్నాడు నన్ను అడగమని పంపండి.